ఒకటో తరగతి పిల్లలు తమకు తామే పుస్తకం వెతుక్కోవాలంటే

కూడబలుక్కుని చదివే పిల్లలకి పుస్తకం మీది నంబరు ఎందుకూ పనికిరాదు. లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికే వస్తుంది. అంటే బళ్లోని తెలుగు కథల పుస్తకాలన్నీ దాదాపు ఒకే చోట కుప్పపడతాయి. నంబరు రిజిస్టరుకే ఉంచండి. పిల్లలకి కావాల్సింది ముందట్ట కనపడటం. ఖాకీ అట్టలు మాత్రం వేయకండి, బొమ్మే కనపడకుండా పోతుంది.

తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ నుంచో, పుస్తక ప్రదర్శనలోనో తెచ్చే చిన్నపిల్లల పుస్తకాలు చాలావరకు పిన్ను కొట్టిన పల్చటివి. షెల్ఫులో నిలబెడితే కాగితపు అంచు తప్ప ఏమీ కనపడదు, ఒకటి లాగితే నాలుగు జారిపడతాయి. వీటికి ప్లాస్టిక్ బుట్టలే మేలు. లోతు పుస్తకం ఎత్తులో సగం చాలు. అట్టలు పిల్లల వైపు తిప్పి, బుట్టకి 20 లోపే పెట్టండి. కిక్కిరిస్తే వేళ్లు దూరవు, తీసింది మళ్లీ లోపలికి పోదు, పైన పడేసి వెళ్తారు. మరీ తక్కువైతే పుస్తకాలు వంగిపోతాయి; వెనక ఓ ఖాళీ అట్టపెట్టె ఆనించండి. బుట్టల పై వరస నేల నుంచి నాలుగడుగులు దాటకూడదు.

బుట్టలు ఆరేడు చాలు: జంతువులు, ఇల్లు, నవ్వులు, పాటలు, బళ్లూ రైళ్లూ... 'నీతి కథలు' అనే బుట్ట వద్దు, ఆ పేరుతో వెతికేది పెద్దవాళ్లే. ఒక్కో బుట్టకి ఒక బొమ్మ, అదే బొమ్మ స్టిక్కరుగా పుస్తకం మీదా ఉండాలి. రంగొక్కటే నమ్ముకోవద్దు, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని పిల్లలు కొందరుంటారు. స్టిక్కరు పై మూలన అతికించండి, కింద పెడితే బుట్టలో దాగిపోతుంది. దానిపైన వెడల్పాటి పారదర్శక టేపు వేయకపోతే పిల్లలు గోళ్లతో గీకేస్తారు.

చదివే స్థాయికి వేరే బుట్టలక్కర్లేదు, స్టిక్కరు పక్కన చుక్కలు చాలు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల లెక్క పనికొస్తుంది: 250 పదాల లోపైతే ఒక చుక్క, 600 దాకా రెండు, 1500 దాకా మూడు.

మన హైదరాబాద్ బళ్లలో ఉర్దూ పుస్తకాలూ ఉంటాయి. వాటికి కుట్టు కుడివైపు. తెలుగు పుస్తకాల అలవాటులో పెడితే వెనకట్ట ముందుకొస్తుంది. స్టిక్కరు అసలు ముందట్ట మీదే అతికించి, 'బొమ్మ మనవైపు చూడాలి' అని పిల్లలకి నేర్పండి.

చదివేసినవాటికి తలుపు దగ్గర విడిగా ఒక బుట్ట పెట్టండి. వారానికోసారి ఇద్దరు పిల్లలు బొమ్మలు చూసి సర్దుతారు. ఏ పుస్తకం పదేపదే తప్పు బుట్టలోకి వెళ్తోందో గమనించి, దాని స్టిక్కరే మార్చేయండి.