నీ మ్రోల మేలాడరయ్య జనులు

పోతన భాగవతంలో ప్రహ్లాదుడి కథ అనగానే అందరి నోటా వచ్చేది ‘ఇందుఁగలఁ డందు లేఁడని’ పద్యమే. దానికి కాస్త ముందు, తండ్రి హిరణ్యకశిపుడితో ప్రహ్లాదుడి వాదం బాగా ముదిరిన చోట ఇంకో పద్యం ఉంది. వీరుడంటే ఎవరో తేల్చి చెప్పేది, నన్నడిగితే, అదే.

లోకము లన్నియున్ గడియలోన జయించినవాఁడ వింద్రియా
నీకముఁ జిత్తమున్ గెలువ నేరవు నిన్ను నిబద్ధుఁ జేయు నీ
భీకర శత్రు లార్వురఁ బ్రభిన్నులఁ జేసినఁ బ్రాణికోటిలో
నీకు విరోధి లేఁ డొకఁడు నేర్పునఁ జూడుము దానవేశ్వరా!

లోకాలన్నీ గడియలో గెలిచావు గానీ నీ ఇంద్రియాలనూ మనసునూ గెలవలేకపోయావు, నిన్ను కట్టిపడేసిన ఆ ఆరుగురు శత్రువులను చిత్తు చేస్తే ఇక ప్రాణికోటిలో నీకు విరోధే ఉండడు, చూసుకో అంటున్నాడు. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం, ఇవీ ఆ ఆరూ.

ఈ మాట పడ్డవాడు చేతకానివాడేం కాదు. మందర పర్వతం దగ్గర ఘోర తపస్సు చేసి బ్రహ్మనే రప్పించాడు. గాలిలో, నేల మీద, నిప్పులో, నీటిలో, ఆకాశంలో, పగలు, రాత్రి, మనుషుల చేత, మృగాల చేత, దేవతల చేత చావు రాకూడదని అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఆపద ఎటునుంచి రావచ్చో అంత జాగ్రత్తగా లెక్కేసుకున్న మనిషి, తన కోపం నుంచి కాపాడమని మాత్రం అడగలేదు. అసలు ఆ ఆలోచనే వచ్చి ఉండదు. కోపమే తన బలం అనుకునేవాడు దాన్నుంచి రక్షణ ఎందుకు కోరుకుంటాడు?

ఈ పద్యానికి ముందున్న చిన్న తేటగీతి పద్యం నన్ను ఇంకా ఎక్కువగా ఆపేస్తుంది. ‘వైరు లెవ్వరు చిత్తంబు వైరి గాఁక’ అని మొదలుపెట్టి, చివర్లో ‘అయ్య! నీ మ్రోల మేలాడ రయ్య జనులు’ అంటాడు. నీ ఎదుట నిలబడి నీకు మేలు చేసే మాట చెప్పేవాళ్లు ఎవరూ లేరయ్యా అని. నిజమే కదా. రాజు కళ్లెర్రజేయగానే గురువులు చండామార్కులు కూడా, ఈ బుద్ధులు మేము నేర్పినవి కావు మహాప్రభో అంటూ తప్పుకున్నారు. మూడు లోకాలు వణికించినవాడికి, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒక్కడు మిగిలాడు. వాణ్ణేమో ఏనుగులతో తొక్కించాడు, విషం పెట్టించాడు.

ఈ కొలతను మన ఇంట్లో పెట్టి చూస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. పిల్లాడి చేతిలోంచి ఫోన్ జారి స్క్రీన్ పగులుతుంది. వాడు దాన్ని దిండు కింద దాచేస్తాడు. వాళ్లమ్మ చూసి, ‘ఇప్పుడు చెప్పకురా, నాన్న మూడ్ బాగున్నప్పుడు నేను చెప్తాలే’ అంటుంది. నాన్న వచ్చేసరికి ఇల్లంతా సద్దుమణిగి ఉంటుంది. దాన్ని ఆయన గౌరవం అనుకుంటాడు. ఒకవేళ వాడు ధైర్యం చేసి చెప్పేశాడే అనుకోండి. చెవులు వేడెక్కుతాయి, ఖరీదు గుర్తొస్తుంది, నోటి దాకా వచ్చిన మాట ఉంటుంది. దాన్ని అక్కడే మింగి, ‘చేతికేం తగల్లేదు కదా? సరే, రేపు చూద్దాం’ అనగలిగినవాడు ఎంత యుద్ధం చేశాడో ఎవరికీ తెలియదు. బయట ఎదురులేనివాళ్లు ఎందరో ఓడిపోయేది ఇక్కడే. ఆఫీసు టెన్షన్ వంకతో ఓడిపోవడం ఇంకా తేలిక.

మరి కోపమే తప్పా అంటే, కథ అలా చెప్పడం లేదు. స్తంభంలోంచి వచ్చిన నరసింహస్వామి రూపమే కోపం. సంహారం అయిపోయాక కూడా అది చల్లారలేదు. దేవతలు దూరంగా నిలబడిపోయారు, లక్ష్మీదేవి సైతం దగ్గరకు వెళ్లడానికి జంకింది. అప్పుడు బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపాడు. వాడు బెదరకుండా వెళ్లి పాదాల మీద పడ్డాడు. స్వామి లేవనెత్తి తల మీద చెయ్యి పెట్టాడు. తండ్రికీ స్వామికీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఎంత ఉగ్రంలో ఉన్నా ఆయన దగ్గరికి ఒక చిన్న పిల్లవాడు వెళ్లగలిగాడు.

వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు, కోరికలు మనసులో మొలవకుండా చూడమన్నాడు. ఆ పైన తండ్రి తప్పు క్షమించమని అడిగాడు. అంత హింస పెట్టిన తండ్రి కోసం! తండ్రిని నిలదీసినప్పటి ధైర్యం కంటే నాకు ఇదే కష్టంగా తోస్తుంది. నిలదీయడానికి కోపం కూడా తోడు వస్తుంది. క్షమించమని అడగడానికి అదేం సాయపడదు. స్వామి మాత్రం, నీలాంటివాడు పుట్టడం వల్లే నీ తండ్రి 21 తరాల పితృదేవతలతో సహా పవిత్రుడయ్యాడని చెప్పి, వెళ్లి ఆయనకు అంత్యక్రియలు చెయ్యమన్నాడు.