పొదుపు సంఘంలో ఒక రాత్రి

నవంబరు చివరి వారంలో నేను హనుమకొండ వెళ్లింది పిల్లల రక్షణ కోసం పనిచేస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థను చూడటానికి. వసతి గృహమో, బడి మానేసిన పిల్లల శిబిరమో చూపిస్తారనుకున్నాను. మూడు రోజులు తిరిగి నిజంగా చూసింది మాత్రం ఒక పల్లెలో రాత్రిపూట జరిగిన ఆడవాళ్ల పొదుపు సంఘం సమావేశం.

మొదటి రోజు కాజీపేట స్టేషన్లో గడిచింది. ఢిల్లీ, హైదరాబాద్, విజయవాడ మార్గాలు కలిసే జంక్షన్ కావడంతో ఇల్లు విడిచి బండెక్కిన పిల్లలు కొందరు ఇక్కడ దిగుతుంటారు. 1996లో ముంబయిలో మొదలై చాలా ఏళ్లు స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా నడిచిన 1098 బాలల సహాయ ఫోన్ సేవ, 2023 నుంచి ప్రభుత్వ యంత్రాంగంలో భాగమైంది. దొరికిన పిల్లలను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. ఇదంతా వివరించిన క్షేత్ర కార్యకర్త చివర్లో అన్న మాట నా ప్రయాణాన్నే మార్చింది. "ఇరవై నాలుగు గంటల పని మాకు చాతనైతది మేడం. ఇంటికి పంపినంక ఆర్నెల్లకు అదే పిలగాడు మల్ల కనపడితె ఏం జెయ్యాలె? ఇంట్ల అప్పు అట్లనే ఉంటది గద. రేపు పొద్దుమూకి ముల్కనూరు దిక్కు రాండ్రి, మా అసలు పని చూపిస్త."

మరునాడు హుస్నాబాద్ వెళ్లే పల్లెవెలుగు బస్సులో ఎల్కతుర్తి దాకా నిలబడే ప్రయాణించాను. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఛార్జీ లేదు కనుక బస్సు నిండా పత్తి ఏరి వస్తున్న కూలీలే ఉన్నారు. ఇప్పుడు కూలి ఎక్కువ ఇచ్చే ఊరికి దూరమైనా పోగలుగుతున్నామని పక్కనున్నామె చెబితే సంతోషం వేసింది. ముల్కనూరులో దిగాక ఆ పల్లెకు ఐదు కిలోమీటర్లు కూడా లేదు, ఆటో అతను రెండు వందలు అడిగాడు. చీకటి పడిందని తెలిసి అడిగిన ధర అది, చీకటి పడిందనే ఇచ్చాను.

ముల్కనూరు సంగతి తెలంగాణలో చాలామందికి తెలిసిందే. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో ఏర్పడిన సహకార గ్రామీణ బ్యాంకు, 2000లో ఆడవాళ్లే యజమానులుగా మొదలైన 'స్వకృషి' పాల సంఘం, సర్కారు పెత్తనం లేకుండా సంఘాలను సభ్యులే నడుపుకొనే వీలు కల్పించిన 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టం, ఇవన్నీ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లకు లెక్కలు అడిగే అలవాటు నేర్పాయని నాకనిపిస్తుంది. మా కోరుట్లలో ఇలాంటిది ఉండి ఉంటే నాతో చదివిన ఒక అమ్మాయి ఏడో తరగతిలో బడి మానేది కాదు. వాళ్లమ్మ తీసుకున్న అప్పు కింద ఆ అమ్మాయి ఒళ్లోకి బీడీల చాట వచ్చింది; తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టి మూతి మడవడం. బీడీల తయారీలో పిల్లలను పెట్టడాన్ని 1986 చట్టం నిషేధించింది, కాని సొంత ఇంట్లో కుటుంబంతో కలిసి చేసే పనిని మినహాయించింది. మా వీధిలో పిల్లలు చుట్టిన బీడీలన్నీ ఆ మినహాయింపులోనే ఇమిడిపోయాయి.

ఎనిమిదిన్నరకు పంచాయతీ పక్క గదిలో ముప్పై మంది దాకా చేరారు. నా పక్కన చాప మీద కూర్చున్నామె వేళ్లకు పత్తికాయ ఎండు కొసలు గీసిన గీతలున్నాయి, వాటి మీద పసుపు అద్దుకుంది. ఆ వేళ్లతోనే ఆమె ముడతలు పడ్డ నోట్లను ఒక్కొక్కటిగా సాపు చేసి, పాసుపుస్తకంలో పెట్టి ముందుకు జరిపింది. సంఘంలో మిత్తి నూటికి నెలకు రూపాయి, బయట మూడు రూపాయలు. అంటే ఇరవై వేల అప్పు మీద ఇక్కడ నెలకు రెండు వందలు, అక్కడ ఆరు వందలు.

పొదుపులు ముగిశాక ఒక తల్లి లేచి నిలబడింది. ఊరి పేరు నేను రాయకపోవడానికి కారణం ఆమె కొడుకే. పోయిన ఏడాది భర్త వైద్యానికి ఒక గొర్ల మంద యజమాని దగ్గర పద్దెనిమిది వేలు తీసుకుని, పన్నెండేళ్ల పిల్లవాణ్ని అతని దగ్గర జీతం ఉంచింది. మందతో పాటు ఊరూరూ తిరుగుతూ, కోసిన పొలాల్లో పడుకుంటూ వాడు పది నెలలు గడిపాడు. దసరాకు ముందు సంస్థ వాళ్లు కార్మిక శాఖనూ పోలీసులనూ వెంటబెట్టుకుని వెళ్లి తీసుకువచ్చారు. ఇప్పుడు యజమాని డబ్బు అడుగుతున్నాడు. అది తీర్చడానికి ఇరవై వేలు కావాలని ఆమె కోరిక.

వెట్టిచాకిరీ కింద పుట్టిన అప్పు 1976 చట్టం ప్రకారం రద్దయినట్టేనని, ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదని, అడిగితే అతని మీదే కేసు అవుతుందని కార్యకర్త వివరించింది. ఆ తల్లి తల వంచుకునే జవాబిచ్చింది. "చట్టం మంచిగనె ఉన్నది మేడం. రేపు మా ఆయనకు మల్ల పానం బాగలేకుంటె నాకు పైస పుట్టద్దా? మాట తప్పిందన్న పేరొస్తె ఎవలిస్తరు?"

"ఎవలిస్తరంటవేందే, మేం లేమా?" అని గోడ పక్కనుంచి ఒక పెద్దామె అన్నది.

"పోయినేడు అడిగిన గద అత్తా. నా పొదుపు నాలుగు వేలే ఉన్నది, మూడంతలకు మించి ఇయ్యమన్నరు. అండ్లకెల్లి పాత బాకీ కోసుకుంటె చేతికొచ్చేది ఏడు వేలన్నరు."

గది నిశ్శబ్దమైపోయింది. తీర్మానాల పుస్తకం రాసే యువతి వెనక్కి పేజీలు తిప్పి, నిరుటి తేదీ దగ్గర వేలు పెట్టి ఆ వాక్యం పైకి చదివింది. అది నిజమే. పిల్లవాడు మందకు పోయింది తాము రాసుకున్న నిబంధన వల్ల కూడానని ఆ గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది. పరాయివాళ్ల ముందు తమ తప్పు బయటపడితే దాచుకోవడమే నేను చాలాచోట్ల చూశాను. వీళ్లు ఆ పేజీ మూయలేదు. గంటకు పైగా వాదించుకున్నారు. ఇద్దరు గట్టిగా అడ్డం చెప్పారు, ఆమె రెండు కిస్తీలు ఇంకా కట్టలేదు. వాళ్లు చెప్పింది అన్యాయమని నేను అనలేను, ఆ డబ్బు వాళ్ల కూలి డబ్బే. పదిన్నర దాటాక రెండు తీర్మానాలు రాశారు. యజమానికి కట్టడానికి అప్పు ఇవ్వరు, బర్రె కొనుక్కోవడానికి ఇస్తారు, పాల బిల్లులోంచి కిస్తీ పడుతుంది. ఇక మీదట ఇంట్లో రోగం వస్తే పొదుపు ఎంతున్నదీ చూడకుండా ఆ వారంలోనే పదివేలు ఇస్తారు. యజమాని మళ్లీ ఇంటికి వస్తే ఆమె ఒక్కతే మాట్లాడనక్కరలేదని, ఐదుగురు వచ్చి నిలబడతారని పెద్దామె నోటిమాటగా చెప్పింది. అది పుస్తకంలోకి ఎక్కలేదు. నేనైతే దాన్నే మొదట రాసేదాన్ని.

ఒకరి ఇంటి కష్టం అంతమంది ముందు విప్పడం నాకు మొదట ఇబ్బందిగానే అనిపించింది. అయితే ఆ తల్లి వేలిముద్ర వేసి సిరా తుడుచుకుంటూ పక్కవాళ్లతో బర్రె ధరలు మాట్లాడుతుంటే, ఇబ్బంది పడుతున్నది నేను ఒక్కదాన్నేనని తెలిసింది. ఆ రాత్రి వాళ్లింట్లోనే పచ్చిపులుసు, వేడి అన్నం తిన్నాను. పిల్లవాడు అప్పటికే నిద్రపోయాడు.

పొద్దున బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే వాడు బడి సంచితో వచ్చాడు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకున్నారు, వెనకబడిన పాఠాలు సాయంత్రాలు సంస్థవాళ్లు చెబుతున్నారు. బడి ఎలా ఉందని అడిగితే మంచిగుంది అని ఒక్కమాట అని ఊరుకున్నాడు. కాసేపటికి వాడే దగ్గరికి వచ్చి, నేను ఎటు పోతున్నానని అడిగాడు. హనుమకొండ అన్నాను.

"తొవ్వల గొర్ల మంద కనపడితె సూడున్రి మేడం. నల్లకుక్క ఉంటది, ఒక చెవు తెగి ఉంటది. నేనే సాదిన. దానికి బువ్వ పెడ్తున్నరో లేదో."

ఎల్కతుర్తి వచ్చేదాకా కిటికీలోంచి పొలాల వైపే చూస్తూ కూర్చున్నాను. రెండు మందలు కనిపించాయి. బస్సు వేగంలో కుక్కలు కనిపించాయి గాని చెవులు కనిపించలేదు.