ఎర్ర పెన్ను వాడి చేతికిచ్చాను

అక్క కొడుకు పొద్దున్నే దిగాడు. ప్రీఫైనల్ లెక్కల పేపరును నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకొచ్చాడు. నూటికి 61. ఈ యేడు పన్నెండో తరగతి, పై చదువుకి సీటు ఎక్కడో తేలేది ఈ యేడే. అక్క ముందే ఫోన్ చేసింది, "కాస్త ధైర్యం చెప్పవే, నీ మాటైతే వింటాడు" అని. నేను లెక్కల టీచర్ని కదా, ధైర్యం కూడా నా సిలబస్‌లోదే అని మావాళ్ల నమ్మకం.

ఆ పని నాకు చేతకాదు. "ఏం కాదులేరా" అంటే పిల్లలు తలూపుతారు, అంతే. ఏదో ఒకటి అవుతుందనీ, అయ్యేదేదో తమకే అవుతుందనీ వాళ్లకి తెలుసు. పైగా మనం గొంతు తగ్గించి బుజ్జగిస్తున్నామంటే సంగతి తాము అనుకున్నదానికన్నా ఘోరంగా ఉందని లెక్కేసుకుంటారు. అందుకే వాణ్ణి కూర్చోబెట్టి ఒక ఎర్ర పెన్నూ, ఒక జవాబు కాగితమూ ఇచ్చి దిద్దమన్నాను.

అది ఏ పిల్లవాడి పేపరూ కాదు. కొత్తగా వాల్యుయేషన్‌కి వచ్చే టీచర్లకి చూపించడానికి నేనే రాసి పెట్టుకున్నది. ఎక్స్ స్క్వేర్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ (x²eˣ), సున్నా నుంచి ఒకటి దాకా ఇంటిగ్రేషన్, ఏడు మార్కులు. బై పార్ట్స్ (గుణకారాన్ని రెండు ముక్కలుగా విడదీసి ఇంటిగ్రేట్ చేసే పద్ధతి) రెండుసార్లు చేయాలి. రెండోసారి బ్రాకెట్ విప్పేటప్పుడు ప్లస్ అవ్వాల్సింది మైనస్‌గానే ఉండిపోయింది. అక్కణ్ణుంచి లెక్క సాఫీగానే నడిచింది గానీ, చివర్లో 'e మైనస్ రెండు' రావాల్సిన చోట 'రెండు మైనస్ మూడు e' వచ్చి కూర్చుంది.

వాడు ఆ మైనస్ చుట్టూ సున్నా చుట్టి, అక్కడి నుంచి కాగితం అడుగుదాకా ఒకటే గీత గీశాడు. ఏడుకి రెండు! నా సర్వీసులో ఇంత పిసినారి ఎగ్జామినర్ని చూడలేదు.

"ఆన్సర్ తప్పు కదా పిన్నీ."

ఏ స్టెప్పుకి ఎన్ని మార్కులో చెప్పే స్కీము ముందు పెట్టాను. మొదటి బై పార్ట్స్‌కి రెండు, రెండోదానికి రెండు, బ్రాకెట్ విప్పడానికి ఒకటి, లిమిట్లు (ఆ సున్నా, ఒకటి) వేసినందుకు ఒకటి, జవాబుకి ఒకటి. బ్రాకెట్ మార్కూ జవాబు మార్కూ పోయాయి, సరే. లిమిట్ల మార్కు సంగతేమిటన్నాను. తప్పు లెక్కలో వేసిన లిమిట్లకి మార్కేమిటని వాడి వాదన. పద్ధతికిచ్చే మార్కు వేరు, జవాబుకిచ్చే మార్కు వేరు. పైనున్న తప్పు కిందికి దిగినా, లిమిట్లు వేసిన తీరు సరైనదే కనక దాని మార్కు దానికి పడుతుంది. మొత్తం ఐదు. వాడు స్కీముని రెండుసార్లు చదివి, రెండుని కొట్టేసి ఐదు వేశాడు. పెన్ను నాకివ్వబోతూ ఆగాడు.

"పిన్నీ, ఫంక్షన్ అంతా పాజిటివ్ కదా. ఇంటిగ్రేషన్ అంటే దాని కింది ఏరియానే, అది నెగటివ్ వస్తుంటే వీడు చూసుకోలేదేంటి?"

స్కీములో దానికి మార్కు లేదు గానీ ఉంటే నేను రెండు వేసేదాన్ని.

ఆ ఊపులో తన పేపరు తనే బయటికి తీశాడు. అంతదాకా నేను అడగలేదు. ప్రాబబిలిటీలో బేయీస్ (Bayes) సిద్ధాంతం లెక్క ఒకటి మొత్తం అడ్డంగా కొట్టేసి ఉంది. చెట్టు బొమ్మ (ట్రీ డయాగ్రమ్) సరిగ్గానే గీశాడు, ఫార్ములా సరిగ్గానే రాశాడు, జవాబు ఏదో వికారమైన భిన్నం వచ్చింది. ఇంత వికారంగా జవాబుండదని కొట్టేశాడట. అదే సరైన జవాబు. కొట్టేసినదాన్ని దిద్దాలా వద్దా అన్నది ఒక్కో బోర్డు ఒక్కో రకంగా చెబుతుంది. వేరేది రాసే టైము లేనప్పుడు ఉన్నదాన్ని కొట్టేయకపోవడమే మేలని మాత్రం ఎక్కడైనా చెప్పొచ్చు. అదీ, ఇంకో రెండు చోట్ల రాయకుండా మింగేసిన స్టెప్పులూ కలిపితే 61 దాదాపు 70 అయ్యేది. కొత్తగా ఒక్క చాప్టరూ చదవకుండా! పొద్దున వచ్చినప్పటి ముఖం కాదు అప్పటికి వాడిది. కోపంగా ఉన్నాడు. పిల్లలకి భయం కన్నా కోపం నయం, పెన్ను పట్టుకుంటారు.

మధ్యలో అక్క ఫోన్. "పర్సంటైల్ అంటే నూటికి వచ్చిన మార్కులేనా?" కాదని చెప్పాను. 90 పర్సంటైల్ అంటే రాసిన వాళ్లలో నూటికి 90 మంది వీడితో సమానంగానో తక్కువగానో ఉన్నారని అర్థం. పేపరు కష్టంగా వస్తే సగం మార్కులకే అది రావచ్చు. "అయితే పక్కవాడు బాగా రాయకూడదన్నమాట" అంది అక్క. మనుషులు ఎంత తొందరగా పట్టేస్తారో! ర్యాంకు పరీక్షల్లో ఉన్న దరిద్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది. స్నేహితుడికి డౌటు చెప్తే తనకి మళ్లీ బాగా వస్తుందని తెలిసిన పిల్లలు కూడా నోటుబుక్కులు దాచేది అందుకే.

వాడు ఊరుకోలేదు. "అసలు దిద్దేవాళ్లందరూ ఒకేలా వేస్తారా?" అన్నాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అని ఇద్దరు పరిశోధకులు 1912లో ఒకే ఇంగ్లీషు జవాబు పత్రాన్ని చాలామంది టీచర్లకి పంపితే మార్కులు తలోరకంగా వచ్చాయి. భాష కదా, అంతే ఉంటుందిలే అన్నారు జనం. ఆ మరుసటేడు జామెట్రీ పేపరు పంపారు. ఈసారి తేడా ఇంకా పెరిగింది, ఒకరు 28 వేస్తే ఇంకొకరు 90 దాటించారు. శుభ్రంగా రాయలేదని కోసినవాళ్లు కొందరు, జవాబు తప్పితే అంతా తప్పన్నవాళ్లు కొందరు. (పొద్దున మావాడు రెండో జట్టు.) స్కీములు, ఇద్దరితో దిద్దించడాలు, రీవాల్యుయేషన్లు ఉన్నది ఈ గొడవ తగ్గించడానికే. తగ్గుతుంది, పూర్తిగా పోదు. గ్రేడు హద్దుకి అటు ఒక మార్కు, ఇటు ఒక మార్కు ఉన్న ఇద్దరు పిల్లల చదువులో తేడా ఉందని నేను ప్రమాణం చేయలేను. ఇది వింటే వాడు డీలా పడతాడేమో అనుకున్నాను. "అయితే నీట్‌గా రాస్తే కొంచెం సేఫ్ అన్నమాట" అని తేల్చాడు.

చదివే తీరు గురించి మాత్రం కాస్త గట్టిగానే వాదించుకున్నాం. పాఠాన్ని నాలుగుసార్లు చదివి, హైలైటర్‌తో పసుపు చేసి, వచ్చేసిందంటాడు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగం చెప్పాను. మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తు చేసుకుంటూ రాసినవాళ్లు ముందున్నారు. పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదరా అన్నాను. నిద్ర దగ్గర మాత్రం ఓడిపోయాను. ఈ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఈ వయసులో ఒంట్లోని గడియారమే రాత్రి ఆలస్యంగా నిద్ర తెప్పిస్తుందని కూడా వాళ్లే చెబుతారు. వాడు రెండోది పట్టుకుని మొదటిది వదిలేశాడు.

వాడు లెక్క చేస్తుంటే నేను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను. మార్కుల దిగులైతే ఇలా మార్కుల మాటతో కదులుతుంది. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, ఇష్టమైన ఆటమీదకీ మనసు పోకపోవడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట ఒక్కటి నోట్లోంచి రావడం, ఇవి కనబడితే స్కీము పక్కన పెట్టేయాలి. సూటిగా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా అదేరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మావాడిలో ఇవేవీ లేవు. అక్కకి మాత్రం ఇది ఫోన్లో చెప్పి ఉంచాను, పరీక్షలయ్యాయి కదా అని ఊరుకోకుండా ఫలితాలొచ్చిన రోజు ఇంకా జాగ్రత్తగా ఉండమని.

వెళ్తూ ఆ బేయీస్ లెక్కని కొత్త కాగితం మీద మళ్లీ చేసి, తనే దిద్దుకుని, స్కీము ప్రకారం ఆరున్నర వేసుకున్నాడు. అర మార్కు ఎక్కడ పోయిందంటే, ఈవెంట్లకి పేర్లు పెట్టలేదట. వచ్చే ఆదివారం ఫిజిక్స్ తెస్తానన్నాడు. నాకు ఫిజిక్స్ ఎక్కడొచ్చురా అన్నాను.

"స్కీము ఉంటే చాలదా పిన్నీ?"