నొప్పి పోయింది, రాయి పోలేదు

ఎడమ డొక్కలో మొదలైన కిడ్నీ రాయి నొప్పి 2023 జులైలో మూడు రోజుల పాటు నన్ను నేల మీద దొర్లించి, నాలుగో రోజు చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. నల్లగొండలో మేము ఎప్పుడూ వెళ్లే డాక్టరు గారు, "నొప్పి పోయిందంటే రాయి పడిపోయినట్టేనమ్మా, మళ్లీ స్కానింగు దండగ" అన్నారు. ఆ మాటకు నేను ఎంతో సంతోషించానని ఒప్పుకోవాలి. మా అత్తమ్మ రోజూ పొద్దున్నే కొండపిండి ఆకు కషాయం తాగించింది కాబట్టి, రాయిని కరిగించిన ఘనత ఇంజెక్షన్లదా, కషాయానిదా అని ఆ నెలంతా మా ఇంట్లో వాదులాట నడిచింది.

నిజానికి పదకొండు మిల్లీమీటర్ల రాయి మూత్రనాళంలో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. ఐదు మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే పోతాయి గానీ, ఇంత పెద్దవి పోవడం అరుదు. దారి మూసుకుపోతే మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. రక్తాన్ని వడగట్టే కణజాలం ఆ ఒత్తిడికి నెమ్మదిగా పలచబడుతుంది. అది పలచబడేటప్పుడు నొప్పి ఉండాలన్న నియమమేమీ లేదు.

మా వైపు ఎవరికి రాళ్లు వచ్చినా నేరం ఫ్లోరైడు నీళ్ల మీదికే నెడతారు. మర్రిగూడ, మునుగోడు ఊళ్లలో వంగిపోయిన వెన్నులు చూసినవాళ్లం కనుక అది సహజమే. నా నేరస్థురాలిని మాత్రం నేనే. దేవరకొండ వైపు ఒక పల్లెబడిలో పాఠాలు చెబుతాను. అక్కడి మరుగుదొడ్డి తాళంచెవి ఎర్ర దారంతో కట్టి హెడ్మాస్టరు గారి సొరుగులో ఉండేది. నలుగురు మగవాళ్ల ముందు దాన్ని అడగడం కన్నా సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా ఉండటమే నాకు సులువనిపించేది.

2024 మార్చిలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక రాత్రి చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్ల మీద మామయ్య గొంగడి కప్పినా పళ్లు టకటక కొట్టుకున్నాయి. ఆసుపత్రిలో స్కాను చూసిన కుర్ర డ్యూటీ డాక్టరు, "కిడ్నీలో చీము పట్టింది, తెల్లారేదాకా ఆగొద్దు" అని తానే అంబులెన్సు పిలిపించి హైదరాబాదుకు పంపాడు. ఆయన పేరైనా అడగలేదని ఇప్పటికీ బాధపడతాను. చెరువుగట్టు ఊరు దాటుతుంటే అత్తమ్మ చీకట్లోనే గుట్ట మీది గుడి వైపు చేతులెత్తి, "జడల రామలింగేశ్వరా, నా కోడల్ని నిలబెట్టు, గుట్టెక్కి తలనీలాలిస్త" అని మొక్కడం వినిపించింది. చిట్యాల దాటాక బీపీ ఎనభైకి పడిపోయిందన్నారు. మా ఆయన నా అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడు. ఆ చేతులు కూడా వణుకుతున్నాయని నాకు తెలిసింది.

మూత్రం దిగడానికి మూత్రనాళంలో స్టెంటు అనే సన్నని గొట్టం వేశారు, చీము దిగింది, కొన్ని వారాలకు లేజరుతో రాయిని పొడి చేశారు. తరువాత కిడ్నీల పనితీరు చూసే రీనోగ్రాం అనే స్కానులో, రెండు కిడ్నీలు కలిసి చేసే పనిలో ఎడమదాని వాటా 17 శాతమే అని వచ్చింది. సగానికి దగ్గరగా ఉండవలసిన వాటా అది. మందులతో పెరుగుతుందా అని అడిగితే పెద్ద డాక్టరు ఫోను చూసుకుంటూ, "ఇంకోటి ఉందిగా" అన్నాడు. ఒక్క కిడ్నీతో నిక్షేపంగా బతకవచ్చని నాకూ తెలుసు. కానీ సగం ఇల్లు కూలినవాడితో మిగతా సగంలో పడుకోవచ్చు కదా అన్నట్టుంది ఆ మాట. నా ప్రాణం నిలబెట్టిన చేతులూ ఆయనవే కాబట్టి, ఏమీ అనలేకపోయాను.

రాళ్ల నొప్పి తగ్గినవాళ్లు దయచేసి మరొక్కసారి స్కాను తీయించుకోండి; నడుము నొప్పితో చలిజ్వరం వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి బిళ్లలు సొంతంగా కొని నెలల తరబడి మింగకండి, అవీ కిడ్నీకి చేటే. అత్తమ్మ తలనీలాలిచ్చి వచ్చింది. దేవుడే కాపాడాడంటే నేను కాదనలేదు.

నిరుడు రిపోర్టులన్నీ పట్టుకుని నల్లగొండ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. నాలుగు మాటలు అడగాలనే వెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని కాగితాలన్నీ ఓపికగా చదివి, "అయ్యో, నొప్పి తగ్గినప్పుడే ఒక స్కాను తీయించుకోవాల్సిందమ్మా" అన్నారు. ఫీజు ఇచ్చి బయటికి వచ్చాను.