మా అమ్మాయి వేయనన్న వేషం

ఈ ఏడాది మా తెలుగు సంఘం వార్షికోత్సవంలో కన్యాశుల్కం నుండి ఒక రంగం వేద్దామని అనుకున్నప్పుడు, వెంకటేశం వేషానికి అందరూ మా అమ్మాయి పేరే చెప్పారు. పదమూడేళ్ళ పిల్ల, గొంతు బాగుంటుంది, తెలుగు తడబడకుండా పలుకుతుంది, పైగా మా ఊళ్ళోని ఇంగ్లీషు ఔత్సాహిక నాటక సంఘంలో కొంతకాలంగా వేషాలు వేస్తోంది. ఆమె మాత్రం వేయనంది. కారణం చెప్పమని నేను విసిగించగా విసిగించగా, చివరికి ఇలా చెప్పింది: "అమ్మా, పోయినసారి నేను బాగా చేశానని ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తెలుగులో మాట్లాడానని కొట్టారు. మధ్యలో డైలాగు మరచిపోయి నిలబడిపోయినా అంతే గట్టిగా కొట్టారు. అలాంటప్పుడు రిహార్సల్ ఎందుకు?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇక్కడ ఇంగ్లండులో పుట్టి పెరిగిన పిల్లలు వేదిక ఎక్కి నాలుగు తెలుగు మాటలు పలికితే మా తరం కళ్ళు చెమర్చడం సహజమని ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే ఆ చెమర్చడానికీ నాటకానికీ ఏమి సంబంధమని ఆమె అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు. దానికి సమాధానం వెతకాలంటే, ఆమె ప్రతి వారం ఇష్టంగా వెళ్ళే ఆ రెండో సంఘం ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడాలని అనిపించింది.

అది వృత్తి నాటక సమాజం కాదు. పగలు ఆసుపత్రులలో, బడులలో, కార్యాలయాలలో పనిచేసి సాయంత్రం వచ్చేవాళ్ళు, ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు కలిసి నడుపుకునే సంఘం. ఇంగ్లండులో ఇటువంటివి ఊరూరా ఉన్నాయి. వీటిని కలుపుతూ 1899లోనే ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. మా ఊరి సంఘం శరదృతువులో ఒక పూర్తి నిడివి నాటకం, జనవరిలో పాంటోమైమ్ (పేరుకు తగ్గ మూకాభినయం కాదు, పాటలూ హాస్యమూ కలిసిన ఇక్కడి సంప్రదాయ నాటకం; పొట్టిగా పాంటో), వసంతంలో ఏకాంకికల పోటీలకు ఒక చిన్న నాటకం వేస్తుంది. పాంటో ముగిసి, ఏకాంకిక పఠనం మొదలైన రోజులివి. తెర వెనుక పనికి మనుషులు చాలడం లేదని, ముఖ్యంగా దీపాల దగ్గర కూర్చునేవాళ్ళు కావాలని సంఘం వాళ్ళు అందరినీ అడుగుతున్నారు.

పాంటోకు పిల్లలు కావాలి, పిల్లలకు కాపలా కావాలి. ఇక్కడ బడి వయసు పిల్లలు ప్రేక్షకుల ముందు వేషం వేయడానికి 1963 నాటి చట్టమూ, 2014లో వచ్చిన నిబంధనలూ వర్తిస్తాయి. గడిచిన ఆరు నెలలలో మూడు రోజులకు మించి ప్రదర్శనలలో పాల్గొనని పిల్లలకు మినహాయింపు ఉంటుంది కానీ, వారం పొడవునా సాగే పాంటోకు అది సరిపోదు కనుక స్థానిక కౌన్సిల్ అనుమతి తీసుకోవలసిందే. తల్లిదండ్రులు తమ బిడ్డను తాము చూసుకోవచ్చు. ఇతరుల పిల్లలను చూసుకోవాలంటే మాత్రం కౌన్సిల్ ఆమోదం పొందిన షాపరోన్ అయి ఉండాలి, ఒక్కొక్కరి బాధ్యతలో పన్నెండు మందికి మించి పిల్లలు ఉండకూడదు. నేను ఆ ఆమోదం తీసుకున్నాను. సంఘానికి సాయపడాలన్న కోరిక ఎంతో, మా అమ్మాయి అక్కడ ఏమి చేస్తోందో చూడాలన్న కోరిక అంతకంటే ఎక్కువ. ఆమెకు ఆ సంగతి తెలుసు. "రా అమ్మా, కానీ అక్కడ నా జుట్టు సరిచేయకు" అని ఒకే ఒక షరతు పెట్టింది.

తెర వెనుక నుండి చూస్తే నాటకం వేరుగా కనిపిస్తుంది. మొదటి రోజు అందరూ గుండ్రంగా కూర్చుని నాటకం మొత్తం చదివారు. ఆ తరువాత కొన్ని వారాలు, ఎవరు ఎటునుండి వచ్చి ఎక్కడ నిలబడాలి, ఏ మాట దగ్గర కదలాలి అన్నదే పని. ఆ కదలికలన్నీ పిల్లలు సైతం తమ స్క్రిప్టులో పెన్సిలుతోనే రాసుకుంటారు, ఎందుకంటే అవి మారుతూ ఉంటాయి. ఒక తేదీ తరువాత స్క్రిప్టు చేతిలో పట్టుకోకూడదు. మాట తట్టకపోతే పక్కన కూర్చున్న ప్రాంప్టర్ అందిస్తాడు, అందుకు ఎవరూ నవ్వరు. ప్రతి రిహార్సల్ చివరా దర్శకుడు అందరినీ కూర్చోబెట్టి, ఎవరెవరు ఎక్కడ తప్పారో పేరు పెట్టి చెబుతాడు.

ఒక సాయంత్రం ఆయన మా అమ్మాయితో, నీ మాట వెనుక వరుసకు వినబడటం లేదని, నీ డైలాగు అయిపోగానే నువ్వు పాత్రలో ఉండటం మానేస్తున్నావని, పక్కవాళ్ళు మాట్లాడుతుంటే కూడా నువ్వు ఆ పాత్రవేనని అందరి ముందూ చెప్పాడు. నాకు కడుపు రగిలింది. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో ఓదార్చబోయాను. ఆమెకు నా ఓదార్పు అవసరమే రాలేదు. ఆయన చెప్పినదానిని స్క్రిప్టు అంచున రాసుకుంది, దారి పొడవునా "పక్కవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వినడం ఎలా నటించాలి?" అని ఆలోచిస్తూ కూర్చుంది. తనకు ఎక్కడ గౌరవం దొరుకుతోందో ఆ పిల్లకు తెలుసు. తప్పు ఎత్తి చూపినవాడు తనను నటిగా లెక్కపెట్టాడు. ఏమి చేసినా మెచ్చుకున్న మేము ఆమెను అలా లెక్కపెట్టలేదు.

మా తెలుగు సంఘంలో పిల్లల నాటకాలు ఎలా జరుగుతాయో ప్రవాసంలో ఉన్న తల్లిదండ్రులకు వివరించనక్కరలేదు. హాలు ఒక్క రోజుకే దొరుకుతుంది కనుక వేదిక మీద రిహార్సల్ ఉండదు. మైకుల ఇబ్బంది పడలేక మాటలు ముందే రికార్డు చేసి, పిల్లల చేత పెదవులు కదిలిస్తాం. రెండు నృత్యాల మధ్య దొరికిన పావుగంటలో నాటకం ముగించాలి. ఆలస్యమైతే మొదట కోసేది దానినే. ఇందులో ఎవరి దోషమూ లేదు, అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాలు ధారపోసేవాళ్ళే. కానీ ఆ నాటకంలో ఒక పిల్ల లేకపోయినా నాటకానికి లోటు ఉండదన్న సంగతి పిల్లలకు అర్థమవుతుంది. పాంటోలో మా అమ్మాయికి ఉన్నది చిన్న వేషమే అయినా, ఆమె సమయానికి తాళంచెవి తెచ్చి ఇవ్వకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

సురభి వారి గురించి నేను ఆలోచించడం మొదలుపెట్టింది అప్పుడే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజంలో పిల్లలు నాటకంలోనే పుట్టి పెరిగారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించడం ఆ రోజుల్లో అరుదు, వాళ్ళ కుటుంబాలలో అది మామూలు. ఆ పిల్లలు పద్యాలు నేర్చుకున్నది ఎవరికో చూపించడానికి కాదు. ఆ రాత్రి కృష్ణుడి వేషానికి ఒక పిల్లవాడు కావాలి కనుక, వాడు పద్యం తప్పితే ఆట చెడుతుంది కనుక నేర్చుకున్నారు. మనం సురభి వాళ్ళం కాలేము, వారానికి ఒక సాయంత్రం కూడా కష్టం మీద మిగుల్చుకునే మనుషులం. అయినా పిల్లకు ఒక నిజమైన పని అప్పగించడం, అది సరిగా చేయాలని కోరడం ప్రవాసంలోనూ సాధ్యమే అని ఇప్పుడు అనిపిస్తోంది.

పాంటో ప్రదర్శనల వారంలో నన్ను ఆశ్చర్యపరచినవి మరికొన్ని ఉన్నాయి. ముసలి తల్లి వేషం మగవాడు వేస్తాడు. సంప్రదాయం ప్రకారం కథానాయకుడి వేషం తరచుగా ఒక యువతి వేస్తుంది. ప్రేక్షకులు నిశ్శబ్దంగా కూర్చోరు. దుష్టుడు రాగానే అరుస్తారు, నాయకుడి వెనుక ఎవరో నక్కి ఉంటే "నీ వెనకే ఉన్నాడు" అని హాలంతా కేకలు వేస్తుంది. ఇదంతా చూసి మా అమ్మాయితో స్థానం నరసింహారావు గారి గురించి చెప్పాను. ఆయన సత్యభామగా వేదిక మీదికి వస్తే స్త్రీ కాదంటే నమ్మలేకపోయేవారని, పద్యం నచ్చితే మన ఊళ్ళలో జనం "వన్స్ మోర్" అని కేకలు వేసి మళ్ళీ పాడించుకునేవారని, చచ్చి పడిన పాత్రధారి కూడా లేచి పాడి మళ్ళీ పడిపోయేవాడని జనం చెప్పుకుంటారని చెప్పాను. "మరి మన సంఘంలో వాళ్ళు ఎందుకు అంత బుద్ధిగా కూర్చుంటారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆమెను నిజంగా కదిలించింది వేరే సంగతి. మా నాన్నగారు యౌవనంలో పరిషత్తు నాటకాలలో వేషాలు వేశారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన తరువాత పోటీ నాటకాలు వేయడం తెలుగు ఊళ్ళలో ఒక వ్రతంలా సాగింది. పగలంతా ఉద్యోగం, రాత్రి రిహార్సల్, ఆపైన పరాయి ఊరికి ప్రయాణం, చివరికి న్యాయనిర్ణేతల మాట. ఇక్కడి ఏకాంకికల పోటీలలో కూడా ప్రదర్శన కాగానే న్యాయనిర్ణేత లేచి అందరి ముందూ బాగోగులు చెబుతాడు. దాని గురించి మా అమ్మాయి భయపడుతుంటే, తాతయ్య కూడా అలాంటివి విన్నారని చెప్పాను. "తాతయ్యను కూడా తిట్టేవాళ్ళా?" అంటూ వెంటనే వీడియో కాల్ చేసింది.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని నటుడని ఒక న్యాయనిర్ణేత తనను అన్నాడని, ఆ మాట తరువాత ఎన్నో రోజులు అద్దం ముందు చేతులతో కుస్తీ పట్టానని ఆయన చెప్పారు. ఆ తరువాత వాళ్ళిద్దరూ చేతుల గురించే మాట్లాడుకున్నారు. ఆయన లేచి నిలబడి చూపించారు, ఈమె ఇక్కడ లేచి చేసి చూపించింది, ఆయన "కాదమ్మా, భుజం వదిలెయ్" అన్నారు. ఆ సంభాషణ అంతా తెలుగులోనే జరిగిందని నాకు తరువాత గుర్తొచ్చింది. వాళ్ళిద్దరికీ ఆ ధ్యాసే లేదు. నేను ఆ గదిలో ఉన్నాను కానీ ఆ మాటలలో నాకు చోటు లేదు. నాకు సంతోషం కలిగింది, దానితోపాటు చిన్న అసూయ కూడా కలిగింది.

ఇంత చూసిన తరువాత కూడా వెంకటేశం వేషం విషయంలో నా పట్టు సడలలేదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన నాటకం అది. మనుషులు ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగును గురజాడ వేదిక మీద నిలబెట్టాడు. గిరీశం తన ఇంగ్లీషు ముక్కలతో వెంకటేశాన్ని ఊదరగొడుతుంటే, ఆ కుర్రవాడు సగం నమ్ముతూ సగం జాగ్రత్తపడుతూ వినే తీరు మా అమ్మాయి చేస్తే ఎలా ఉంటుందో నా కళ్ళకు కనబడుతోంది. పక్కవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వినడం అన్న పాఠం ఆ పాత్రలో నిండా ఉంది. ఈ కోరికలో నాటకం మీద ప్రేమ ఎంత, నా కూతురు తెలుగు వేదిక మీద కనబడాలన్న ఆశ ఎంత అని నన్ను నేను అడుగుతున్నాను. విడదీయలేకపోతున్నాను.

సంఘం సమావేశంలో నేను కొన్ని మాటలు చెప్పాను. ఈ రంగాన్ని రికార్డు చేయవద్దని, పిల్లలు నోటితోనే పలకాలని, ప్రాంప్టర్‌ను పెట్టుకుందామని, కనీసం రెండు రిహార్సళ్ళు వేదిక మీద జరిగేలా హాలు ముందే మాట్లాడుకుందామని, బాగా లేకపోతే పిల్లలకు ఆ మాట చెప్పే దర్శకుడు కావాలని కోరాను. ఇతర తల్లిదండ్రులకు నేను ఇవ్వగలిగిన సలహా కూడా ఇదే. కొందరు ఒప్పుకున్నారు. ఒక తల్లి మాత్రం, మా వాడు తెలుగులో మాట్లాడేది ఏడాదికి ఆ ఒక్క రోజే, తప్పులు పట్టుకుంటే అది కూడా మానేస్తాడని అంది. ఆమె మాటను నేను కొట్టిపారేయలేను. అయిదేళ్ళ పిల్ల పద్యం సగంలో మరచిపోయి తల్లి వైపు చూస్తే రేపు కూడా నేను చప్పట్లు కొడతాను. ఏ వయసు దాకా ఆ చప్పట్లు పిల్లకు బలం ఇస్తాయో, ఏ వయసు నుండి చిన్నతనంగా తోస్తాయో నాకు తెలియదు. మా ఇంట్లో అది ఎప్పుడు మారిందో కూడా నేను గమనించలేదు.

సమావేశం సంగతులు చెబితే మా అమ్మాయి శ్రద్ధగా విన్నది. వేషం వేయనన్న మాట మార్చుకోలేదు. కానీ హాలులో దీపాలు ఎవరు చూస్తారని అడిగింది, ఎవరూ లేరని చెబితే, తాను చేస్తానంది. తెర ఎప్పుడు లేవాలో, వెలుగు ఎప్పుడు తగ్గాలో స్క్రిప్టులో గుర్తు పెట్టుకోవాలి కనుక రంగం మొత్తం చదివి వినిపించమంది. రోజూ కొంత చదువుతున్నాం. గిరీశం మాటలు నేను చదువుతుంటే, వెంకటేశం మాటలు చదవమని ఆమెను అడగాలని ప్రతిసారీ నాలుక చివరి దాకా వస్తోంది. వెంకటేశం వేషానికి ఇంకా ఎవరినీ ఖాయం చేయలేదు.