బావగారి మాట, నాన్న రాసిన కాగితం

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం బావగారు భోజనాల దగ్గర అన్న ఒక్క మాట. విమానం నడపడం నేర్చుకుంటున్న మా అమ్మాయి అమ్ములు వచ్చే వారం మొదటిసారి సోలోకి, అంటే పక్కన శిక్షకుడు లేకుండా ఒంటరిగా ఎగరడానికి, వెళ్తోందని నేను మురిసిపోతూ చెబుతుంటే, ఆయన పెరుగు కలుపుకుంటూ, "మన నల్గొండ దగ్గర కూలిపోయిన ఆ అమ్మాయి కూడా ఒంటరిగానే ఎగిరింది కదమ్మా, ఆడపిల్ల, కంగారు పడి ఉంటుంది" అన్నారు. పెద్దవారు కనుక నేను మారు మాట్లాడలేదు కాని, ముద్ద దిగలేదు.

2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ నుంచి బయలుదేరిన సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలిపోయి, తమిళనాడు నుంచి వచ్చి శిక్షణ పొందుతున్న ఆ అమ్మాయి చనిపోయింది. మొదట ఇద్దరు పోయారని వార్తల్లో చెప్పి, తరువాత విమానంలో ఉన్నది ఆమె ఒక్కతేనని దిద్దుకున్నారు. పోయినవారి లెక్కే తేలని ఆ పూట నుంచే జనం కారణం మాత్రం తేల్చేసుకున్నారు.

అంత చిన్న విమానంలో సాధారణంగా బ్లాక్ బాక్స్ ఉండదు కనుక, దర్యాప్తు చేసేవారు విరిగిన లోహాన్నే అడగాలి. నేలను తాకినప్పుడు ఇంజన్ శక్తితో తిరుగుతున్న ప్రొపెల్లర్ రెక్క మెలితిరిగి, దానిమీద అడ్డంగా గీతలు పడతాయి. ఆగిపోయిన రెక్క చాలాసార్లు వెనక్కి వంగి ఊరుకుంటుంది. విమానాన్ని అదుపు చేసే ఉక్కు తీగ దెబ్బ తాకిడికి తెగితే, దాని కొస చీపురు పుల్లల్లా విచ్చుకుంటుంది. ఇవన్నీ చూసి, ఇంధనం పరీక్షించి, లాగ్‌బుక్కులు తిరగేసి రాసే ఏఏఐబీ (విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ) నివేదిక మొదటి పుటల్లోనే, దీని ఉద్దేశం ప్రమాదాలను నివారించడమే తప్ప తప్పు ఎవరిదో నిర్ణయించడం కాదని ఉంటుంది. ఆ పుటను బావగారి ముందు పెట్టి చదివించాలన్నంత కోపం వచ్చింది.

ఆ కోపంలోనే నాన్న గుర్తుకు వచ్చారు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా ఉన్న రోజుల్లో ఒక బస్సు మలుపు దగ్గర కాలువలోకి దూసుకుపోయింది. డ్రైవర్ మామయ్య రోజూ మా అరుగు మీద కూర్చొని టీ తాగి వెళ్ళే మనిషి. నిద్రపోయి ఉంటాడని ఊరంతా అంది. బస్సును బయటికి లాగించాక నాన్న రెండు రోజులు దాని కిందనే ఉన్నారు. టార్చి నోట కరుచుకొని, బ్రేకు గొట్టం పొడవునా వేలితో తడుముతూ, ఎక్కడైనా పగులు దొరుకుతుందేమోనని వెతకడం గేటు దగ్గర నిలబడి నేను చూశాను. పగులు దొరకలేదు. ఆ రాత్రి గ్రీజు వదలని చేతులతోనే, బ్రేకులు సరిగానే ఉన్నాయని కాగితం మీద రాసి సంతకం చేసి, అన్నం తినకుండా పడుకున్నారు. ఆ తరువాత మామయ్య మా అరుగు ఎక్కలేదు.

ఇది రాస్తుంటేనే నా కోపం సగం నామీదికి తిరిగింది. బావగారు ఆ అమ్మాయి కంగారు పడిందని ఎంత సులువుగా అనుకున్నారో, నేనూ ఇన్నేళ్ళుగా అంత సులువుగానే ఇంజనే ఆగిపోయి ఉంటుందని అనుకుంటూ వస్తున్నాను. నాకు ఆ రెక్క వెనక్కి వంగి ఉండాలి, ఎందుకంటే అప్పుడు తప్పు యంత్రానిదవుతుంది, అమ్ములు జాగ్రత్తగా ఉంటే చాలన్న ధైర్యం నాకు మిగులుతుంది. కాదు, అది కూడా నిజం కాదు. యంత్రం ఆగిపోతే అమ్ములు జాగ్రత్త ఏం చేస్తుంది? అయినా "ఆడపిల్ల" అన్న మాటను మాత్రం నేను క్షమించలేను. ఏ ఉక్కు తీగా ఆ మాట చెప్పదు.

సాయంత్రం అమ్ములు ఫోన్లో, ఎగిరే ముందు ప్రతిసారీ ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఇంధనాన్ని గాజులాంటి గొట్టంలోకి పట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తానని చెప్పింది. ఇంధనం లేత నీలంగా ఉంటుందట, నీరు కలిస్తే అడుగున బొట్టుగా నిలుస్తుందట. "ఎంతసేపు చూస్తావమ్మా?" అని అడిగితే, "తృప్తిగా కనిపించేదాకా చూస్తానమ్మా" అంది.