నాన్న ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్?

పోయిన నెల ఒంగోలు వెళ్ళినప్పుడు నాన్న పాత ల్యాప్‌టాప్ నాతో బెంగళూరు మారతహళ్ళికి తెచ్చుకున్నాను. 4 జీబీ ర్యామ్. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది, 11కి ఆ మెషిన్ సరిపోదు. పారేయడానికి మనసు రాలేదు.

విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, అందులో చాలా రకాలు. నేను వాడేది ఫెడోరా అనే రకం. అదే వేసేద్దామనుకున్నా. కానీ దానికి ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి సపోర్ట్ దాదాపు 13 నెలలే. నాకు అది ఇష్టమే. ఊళ్ళో నాన్న ఒక్కరే కూర్చుని అప్‌గ్రేడ్ చేసుకోవాలంటే మాత్రం ఎంత టెన్షన్! వాడేది ఆయన కదా.

చివరికి లినక్స్ మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికపాటి డెస్క్‌టాప్) ఎడిషన్ వేశాను. తేలికగా నడుస్తుంది, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, మెనూ కూడా నాన్నకి అలవాటైన కింది మూలనే ఉంటుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే, నడిపి వైఫై, సౌండ్, తెలుగు అక్షరాలు అన్నీ చూసుకున్నాను. ఈ పని మీరూ తప్పకుండా చేయండి, డిస్క్ ముట్టుకోకుండానే చాలా సంగతులు తెలిసిపోతాయి.

నిన్న తమ్ముడితో పంపించాను. పొద్దున్నే నాన్న ఫోన్: “పేపర్ ఓపెన్ అయిందమ్మా, అక్షరాలు చక్కగా కనబడుతున్నాయి.”